మూరెడు పాత పడుగు

కౌండిన్య నది పొంగి, గుడియాత్తం నేతవీధిలో మగ్గం గుంటల్లోకి నీళ్ళు దిగిన ఏడాది అది. నీళ్ళు తోడిపోసి, బురద ఎత్తి, గుంట గోడలకు మళ్ళీ మట్టి మెత్తుకుని మూడు నెలలైంది. తూరుపు తెల్లబడుతుండగా రాఘవులు మగ్గంలోకి దిగుతున్నాడు.

దిగడమే ఇప్పుడు పెద్ద పని. దూలానికి ఒక తాడు వేలాడగట్టుకున్నాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ముందు ఎడమ కాలు గుంటలోకి జారుస్తాడు. తర్వాత కుడి తొడ కింద చెయ్యి పెట్టి, ఎవరిదో కాలు ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టుకుంటాడు. అప్పుడు కుడి మోకాలు కటుక్కుమంటుంది. ఆ చప్పుడు వంటింట్లో ఉన్న పెళ్ళాం కుప్పమ్మకు వినపడకుండా సరిగ్గా అదే క్షణాన దగ్గుతాడు. రెండేళ్ళుగా దగ్గుతున్నాడు. కుప్పమ్మ రెండేళ్ళుగా దగ్గు మందు కాచి ఇస్తోంది. అది నిజంగా దగ్గు కోసమేనా, తనను ఎగతాళి చేయడానికా అని అతనికి అనుమానం.

సన్నటి మనిషి. మొండెం అంతా ఎముకలే గాని ముంజేతులు మాత్రం ఇనప కమ్మీల్లా ఉంటాయి. గుంట అంచున కూర్చుని, అడుగున ఉన్న రెండు తొక్కుడు చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ యాభై రెండేళ్ళుగా లుంగీలు నేశాడు. కుడి మోకాలు ఉబ్బి లోపలికి వంగింది. ఆముదపాకు కట్టాడు. నువ్వులనూనె రాశాడు. వేలూరు ఆస్పత్రి వాళ్ళు మాత్రలిచ్చారు, గోడకు వీపు ఆనించి కాలు చాపి ఎత్తే కసరత్తు నేర్పారు, కీలులోకి సూది వేశారు. సూది వేసిన నాలుగు నెలలు మంచం మీంచి లేవడం తేలికైంది. తర్వాత మళ్ళీ మామూలే. ఇప్పుడు మోకాలు మారుస్తామంటున్నారు. సర్కారు కార్డు ఉంది, చేతి నుంచి ఏమీ పడదంటున్నారు. ఆ మాటతోనే అతనికి అనుమానం మొదలైంది. పరాయివాడి కాలు మీద ఊరికే అంత ప్రేమ ఎవరికి పుడుతుంది?

ఆ పొద్దు మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఆఖరికొచ్చింది. చివరి లుంగీ నేసి, గుడ్డను కోసి తీశాడు. పోగులు దూర్చే దువ్వెన లాంటి అచ్చులో మూరెడు పాత పడుగు వదిలాడు. ఆ మూరెడు వదలకుండా ఏ నేతగాడూ గుడ్డ కోయడు. దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే అతికితే, పాతది కొత్తదాన్ని అచ్చులోంచి తనే లాక్కుని వస్తుంది. అది పుటుక్కుమంటే రెండున్నర వేల పోగులూ మొదటి నుంచి ఎక్కించుకోవాలి.

గుడ్డ మడుస్తూ పెరటి వైపు చూశాడు. ఇటుకల కుప్ప. దాని మీద సిమెంటు మూట. నిన్న మధ్యాహ్నం కొడుకు గుణశేఖర్, నాయన నిద్రపోతున్నాడనుకుని, టేపు పట్టుకుని మగ్గం గుంట కొలిచాడు. రాఘవులు కన్ను సందులోంచి చూస్తూనే ఉన్నాడు. రాత్రి అన్నం దగ్గర అడిగితే, "గుంటలోకి మెట్లు కట్టిస్తా నాయనా, ఆపరేషన్ అయినాక దిగేదానికి" అన్నాడు వాడు, ముద్ద మీంచి తల ఎత్తకుండా.

మగ్గం గుంటకు మెట్లు! ఈ వీధిలో ఏ తరంలోనైనా ఎవరైనా విన్నారా? ఎదురింటి పెరియస్వామికి కూడా ఇట్లాంటి కథే చెప్పారు. కూతురింట్లో నెల రోజులు ఉండిరా అని ఆలంగాయం పంపారు. తిరిగొచ్చేసరికి గుంటలో గులకరాయి పోసి, పైన టైల్సు పరిచి, గది అద్దెకిచ్చేశారు. ఇప్పుడా మనిషి పొద్దంతా అరుగు మీద కూర్చుని కాళ్ళాడిస్తుంటాడు. వరద తర్వాత వీధిలో సగం గుంటలు అట్లాగే పూడాయి. తన ఇంట్లో కావలసిందల్లా తను వారం రోజులు ఆస్పత్రి మంచం మీద కదలకుండా పడుండడమే.

ఏడు గంటలకు జయరాములు వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి పడుగులు అతికే మనిషి. రాఘవులుతో కలిసి చిన్నప్పుడు ఒకే గురువు దగ్గర నేత నేర్చాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. మొలలో చిన్న తగరం డబ్బా, అందులో జల్లించిన బూడిద. వేళ్ళకు అద్దుకుని పోగులు మెలిపెట్టడానికి. వస్తూనే పాత పడుగు కొసలు పిడికిట పట్టి లాగి చూశాడు.

"బాగుండాది. నీళ్ళు తగిలినా పుచ్చలేదు. ఇంకో వానకారు ఆగింటే పుచ్చుండును. పుచ్చిన కొసకు పట్టుపోగు కట్టినా నిలవదు."

"అన్నా, ఇట్రా." రాఘవులు గొంతు తగ్గించాడు. "వేలూరికి పోతా ఉండా. నేనొచ్చేదాకా నువ్వు ఈ గుంట ఇడిసి కదలొద్దు."

"ఏమప్పా, గుంటను ఎవురన్నా మూట కట్టి ఎత్తుకపోతారా?"

"పూడుస్తారు."

జయరాములు పెరట్లో ఇటుకలు చూశాడు, గుణశేఖర్‌ను చూశాడు, మీసం తుడుచుకుని నవ్వాడు. "సరి, ఎవడన్నా మన్ను తెస్తే ముందు నన్ను పూడ్చి ఆమీట నీ గుంట పూడ్చమంటా. పోయి రా."

ఆ నవ్వు కూడా రాఘవులుకు నచ్చలేదు. అందులో గుణశేఖర్ వైపు ఒక చూపు కలిసి ఉంది.

లత్తేరి, కాట్పాడి మీదుగా పోయే బస్సు. రాఘవులు కుడి కాలు నడవాలోకి చాపి కూర్చున్నాడు. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ దాన్ని దాటుకుంటూ పోయారు. గుణశేఖర్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఒక రోజు సెలవు పెట్టి వచ్చాడు. సెలవంటే ముఖం మాడ్చుకునే మనిషి, ఈ మధ్య నెలలో రెండు పెడుతున్నాడు. అదీ అనుమానమే.

"నాయనా, టీ తాగుతావా?" అన్నాడు కాట్పాడిలో.

"ఏం కలిపిస్తావు?"

"చక్కెర," అన్నాడు గుణశేఖర్.

ఆస్పత్రిలో పేరు పిలిచేసరికి పన్నెండు దాటింది. డాక్టరు కలైయరసి, పొట్టిగా, చేతులు చిన్నవిగా ఉన్న మనిషి. తమిళమూ చిత్తూరు నుంచి వచ్చే రోగుల దగ్గర పట్టుకున్న తెలుగూ కలిపి మాట్లాడుతుంది. ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, రెండు ఎముకల నడుమ వేలు పెట్టింది.

"ఇక్కడ సందు ఉండాలి తాతా. మెత్తటి పొర. అది మొత్తం అరిగిపోయింది. ఎముక మీద ఎముక రాసుకుంటోంది."

"అరగనీ. నాదే కదా."

ఆమె నవ్వింది. "మీదే. నొప్పి మీది, తీర్మానం మీది. చేయించుకోవాల్సిందేనని నేను అనను. కొంజం మడవండి... చాలు. రాత్రిపూట నొప్పి లేపుతుందా?"

"లేదు," అన్నాడు రాఘవులు.

"రెండు సార్లు లేస్తాడు," అన్నాడు గుణశేఖర్.

లేచిన సంగతి వీడికెట్లా తెలుసు? నిద్రపోకుండా కాపలా కాస్తున్నాడా?

డాక్టరు సొరుగులోంచి ఒక బొమ్మ మోకాలు తీసి అతని చేతికిచ్చింది. స్టీలు తొడుగు, నడుమ తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ. రాఘవులు దాన్ని బొటనవేలితో రుద్ది, అంచు గోటితో గీరి, చెవి దగ్గర పెట్టుకుని మడిచాడు. చప్పుడు రాలేదు. పేక పోగును అటూ ఇటూ మోసే నాడెను కొత్తగా కొనేటప్పుడు అట్లాగే చూస్తాడు. ఎక్కడైనా గరుకు ఉంటే పడుగు పోగులు తెంపేస్తుంది.

"దీనికి పాతది ఎంత ఇడుస్తారు?" అని అడిగాడు.

డాక్టరుకు అర్థం కాలేదు. రాఘవులు తన రెండు చూపుడు వేళ్ళు కొసకు కొస ఆనించి చూపించాడు. "కొత్తది దేనికో దానికి అతకాల కదా. పాతది ఎంత ఇడుస్తారని."

"ఓ! దాదాపు అంతా మీదే ఉంటుంది తాతా. పైన అరిగిన మందం, ఇంతే," వేలి గోరు వెడల్పు చూపించింది, "అది తీసి ఈ తొడుగు వేస్తాం. కింద ఉన్న ఎముక, చుట్టూ ఉన్న కండ అన్నీ మీవే. అవి బాగుంటేనే ఇది నిలుస్తుంది. మీ తొడ కండ చూడండి, పోయినసారి కంటే సన్నబడింది."

పాతది బాగుంటేనే నిలుస్తుందన్న మాట పొద్దున జయరాములు నోటా విన్నాడు.

"మగ్గం?"

"కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటారుగా, మెల్లగా పోనీ చూద్దాం. నేల మీద బాసిపట్టు వేయకూడదు, గొంతు కూర్చోకూడదు. ఆ తాడు పట్టుకుని వేలాడి దిగడం మాత్రం వద్దే వద్దు. మెట్లు ఉంటే..."

రాఘవులు బొమ్మ మోకాలు బల్ల మీద పెట్టేశాడు. మెట్లు! రాత్రి కొడుకు నోట వచ్చిన మాటే ఇక్కడ డాక్టరు నోట వచ్చింది. తాడు సంగతీ ఆమెకు తెలుసు. ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. ఇక వినడానికి ఏముంది?

ఆమె ఒక కాగితం ఇచ్చింది. ఇష్టమైతే సంతకం పెట్టి పంపితే తేదీ ఇస్తామంది. గుణశేఖర్ చెయ్యి చాపాడు. రాఘవులు దాన్ని నాలుగు మడతలు వేసి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి అరచెయ్యి ఆనించుకున్నాడు. గుడియాత్తం వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.

"నాయనా," అన్నాడు గుణశేఖర్ బస్సు దిగాక, "నన్ను ఒక్క మాట నమ్ము."

"నమ్మితే ఏమైతాదో పెరియస్వామిని అడుగు."

వీధి మలుపు నుంచి ఇంటిదాకా రాఘవులు కొడుకు కంటే ముందు నడవాలని చూశాడు. మూడు చోట్ల గోడ పట్టుకున్నాడు. సాయంత్రపు ఎండ ఇంకా అరుగుల మీద ఉంది. పెరట్లో ఇటుకలు పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. ఊపిరి పీల్చుకున్నాడు.

"సద్దు చేయొద్దండి," అంది కుప్పమ్మ గడపలోనే. "జయరామన్న నిద్రపోతా ఉండాడు. కాఫీ పెట్టిస్తే తాగలేదు గూడా."

జయరాములు అచ్చు వెనక, మగ్గం గుంజకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. కాఫీ మీద మీగడ కట్టింది. ఎడమ నుంచి మొదలుపెట్టి సగం దాటి అతికాడు. ఒక్కొక్క అతుకూ వరిగింజంత, ఒకే వరసలో. కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక పాత పోగు, ఒక కొత్త పోగు పక్కపక్కన ఉన్నాయి. ఇంకా మెలి పడలేదు.

"అన్నా," అన్నాడు రాఘవులు.

దగ్గరికి పోయి ఆ వేళ్ళు పట్టుకున్నాడు. బూడిద అంటి పొడిగా, చల్లగా ఉన్నాయి. వాటిని విప్పడానికి చాలాసేపు పట్టింది. పోగు తెగకుండా విప్పాడు.

మర్నాడు పొద్దున్నే తప్పెట్లు వచ్చాయి. పిల్లల్లేని మనిషి కాబట్టి వీధివాళ్ళే పాడె కట్టారు. ముందు కొన పట్టవలసింది ఒకే గురువు దగ్గర నేర్చినవాడు. రాఘవులు వంగాడు. వెదురు భుజానికి తగిలింది. లేవబోతే కుడి మోకాలు కటుక్కుమని పక్కకు ఒరిగింది. పాడె ఒక్కసారి ఊగింది. ఈసారి అతను దగ్గలేదు. గుణశేఖర్ వెనక నుంచి వచ్చి, నాయన భుజం కింద నుంచి వెదురును తన భుజం మీదికి మెల్లగా మార్చుకున్నాడు.

రాఘవులు వీధి చివర దీపస్తంభం దాకా నడిచాడు. అక్కడ నుంచి ఏటిలోకి దిగుడు. స్తంభం పట్టుకుని నిలబడి, చల్లుకుంటూ పోయిన బంతిపూల రేకుల్ని చూస్తూ, తప్పెట్లు గట్టు దాటేదాకా విన్నాడు. ఇంటికొచ్చి తలకు పోసుకున్నాడు.

గుంట అంచున కూర్చుని, దిగడానికి తాడు పట్టుకున్నాడు. అప్పుడు కనపడింది. గుంట లోపలి గోడ మీద మూడు తెల్లటి గీతలు, ఒకదాని కింద ఒకటి. బూడిద వేళ్ళతో గీసినవి. అడుగు గీత పక్కన ఒక ముసలి పాదం గుర్తు.

"ఇది ఎవురు గీసింది?"

"జయరామన్నే," అంది కుప్పమ్మ, తడి జుట్టు పిండుకుంటూ. "నిన్న మద్యానం ఆయనే దిగి కొలిచినాడు. గుణ కొలిచిన కొలత తప్పంట. అంత ఎత్తు మెట్టు ఎక్కితే నీ నాయన మోకాలు మళ్ళా పోతాది, నాలుగు వేళ్ళు తగ్గించు అని వాడికి చెప్పమన్నాడు. మూడు సార్లు ఎక్కి దిగి చూసినాడు. వద్దన్నా ఇన్లేదు. ఆ మనిషికి గుండెలో నొప్పి ఉండాదని మనకేం తెలుసు?"

రాఘవులు తాడు వదిలాడు. గుంజకు తగిలించిన నిన్నటి చొక్కా లోపలి జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, మగ్గం చెక్క మీద పరిచాడు. మూడో క్లాసులో నేర్చిన తమిళ అక్షరాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ పేరు రాశాడు. సిరా ఆరేదాకా ఊది కుప్పమ్మకిచ్చాడు.

"గుణ వస్తే ఇయ్యి. తేదీ అడగమను. మెట్లు మాత్రం ముందు కట్టమను. ఈ గీతల కాడికే. చెరపొద్దని చెప్పు."

తర్వాత అచ్చు వెనక్కి జరిగి, నీళ్ళ పొయ్యిలోంచి కాస్త బూడిద తెమ్మన్నాడు. గుడ్డలో జల్లించి వేళ్ళకు అద్దుకున్నాడు. నిన్న ఆ వేళ్ళలోంచి తీసిన పాత పోగును, కొత్త పోగును పక్కపక్కన చేర్చి మెలిపెట్టాడు. ఒకసారి లాగి చూశాడు. నిలిచింది. రెండోదాన్ని అందుకున్నాడు.

జయరాములు తగరం డబ్బా మగ్గం గుంజ దగ్గర మూత తీసి ఉన్నది ఉన్నట్టే ఉంది, నున్నటి బూడిద మీద రెండు వేళ్ళ గుంటతో.