కారు మీద నీడ

పొద్దున్నే పార్కులోకి రాగానే మేస్త్రి చేసే మొదటి పని చెట్లను కొట్టి చూడడం. కొయ్య సుత్తితో మొదలు మీద ఒక్కటి తగిలించి చెవి ఆనిస్తాడు. గట్టిగా పలికితే ఆ చెట్టు ఇంకో ఏడాది ఉంటుంది. డొల్లగా పలికిందా, దాని మీద సున్నం గీత పడుతుంది. పార్కు ఎప్పటిదో, చెట్లు అంతకన్నా ముందటివి. ఏ కొమ్మ ఎవరి నెత్తిన పడుతుందోనని ఆఫీసరుకి నిద్ర పట్టదు. అందుకే ఏటా కొన్ని ముసలి చెట్లు కొట్టేసి, గుంటలు తవ్వి కొత్త మొక్కలు పెడతారు.

చెట్టు కొట్టడం ఒక ఎత్తు, నీడ తీయడం ఇంకో ఎత్తు. చెట్టు పోయినా నీడ నేల మీదే పడి ఉంటుంది కదా, దాన్ని చుట్టి కొత్త మొక్క మీద పరవాలి. లేకపోతే లేత మొక్క ఎండకి మాడిపోతుంది. చుట్టడం కూడా మిట్టమధ్యాహ్నమే, నీడ పొట్టిగా ఉన్నప్పుడే. సాయంత్రం దాకా ఆగితే అది సాగి సాగి, మోయలేక ప్రాణం మీదకొస్తుంది. ఈ పనిలో మేస్త్రిది అందె వేసిన చెయ్యి. ఎక్కడా చిరుగు పడకుండా చాప చుట్టినట్టు చుట్టేస్తాడు.

ఇంట్లో ఆయన భార్యకి ఎండ పడదు. కాస్త తగిలితే చాలు, ఒళ్లంతా బొబ్బలే. పెళ్లయిన కొత్తల్లో ఆవిడ బస్సు కండక్టరు, గొంతు విప్పిందంటే వెనక సీటు దాకా వినపడేది. ఈ జబ్బు వచ్చి ఉద్యోగం కాస్తా పోయింది. మూడో అంతస్తులో రెండు గదులు, కిటికీలకి నల్ల దుప్పట్లు, ఒక కుట్టు మిషను, అదే ఆవిడ లోకం.

అప్పట్లోనే అడిగింది. "ఏమండీ, ఒక్క నీడ తెచ్చిపెట్టరూ? కప్పుకుని డ్యూటీకి పోతాను."

"పార్కు నీడ గేటు దాటకూడదే. నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు మేస్త్రి.

పాపం, నమ్మింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఉన్నమాట చెప్పుకోవాలంటే, మేస్త్రికి ఆ ఏర్పాటు హాయిగానే ఉంది. ఏ వేళకి వెళ్లినా వేడివేడి అన్నం, తలుపు తీసే మనిషి. పైగా "మా ఆవిణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటున్నాను" అని నలుగురిలో చెప్పుకోవడం ఒకటి!

ఈ ఏడు ఫౌంటెన్ పక్కన ముసలి చెట్టు కొట్టించి, అక్కడ మొక్క వద్దు, దీపం స్తంభం పెట్టమన్నాడు ఆఫీసరు. నీడ మిగిలిపోయింది. చెత్తబండిలోకి విసరబోతుంటే మేస్త్రికి ఎందుకో మనసొప్పలేదు. భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు.

"ఇదిగో, నీకే. చెత్తలో పోతుంటే ఆపి తెచ్చాను."

ఆవిడ తడిమి చూసి ఏడ్చేసింది. "మరి మీ ఉద్యోగం?"

"ఏం కాదులే."

"అయితే రేపు పార్కుకి వస్తాను. మీ మొక్కలు చూపిద్దురుగాని."

మర్నాడు పట్టపగలు నీడ కప్పుకుని మెట్లు దిగింది. ఎన్నాళ్లకో వీధి! జనం పక్కకి తప్పుకుని దారిచ్చి ఎవరి పని మీద వాళ్లు పోయారు. చేతులు చూసుకుంది. ఒక్క బొబ్బ లేదు. ఆ సంతోషంతో దారంతా తనలో తనే నవ్వుకుంటూ నడిచింది.

పార్కు గేటు బయట ఆగిపోయింది. మండే ఎండలో ఆఫీసరు కారు నిలబడి ఉంది. దాని మీద నిండుగా చెట్టు నీడ. చుట్టుపక్కల చూస్తే చెట్టన్నది లేదు.

"వదినగారూ, మీరు మా మేస్త్రి అన్నయ్య భార్యే కదా? రండి రండి! మీరొస్తున్నారని అన్నయ్య పొద్దుట్నించీ ఒకటే హడావుడి," అన్నాడు వాచ్‌మన్.

"కారు మీద నీడ ఎవరు వేశారు తమ్ముడూ?"

"ఇంకెవరు, అన్నయ్యే! ఏటా ఒకటో రెండో మిగులుతాయి కదా. ఇక్కడొకటి, ఆఫీసరుగారి డాబా మీద ఒకటి. ఎవర్నీ ముట్టుకోనివ్వరు, స్వయంగా మోసుకెళ్లి పరిచొస్తారు."

ఇంతలో మేస్త్రి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు. "వచ్చావా! లోపలికి రా, కొత్త మొక్కల వరస చూద్దువుగాని."

"కారుకి ఎండ తగిలితే బొబ్బలొస్తాయా అండీ?"

మేస్త్రి మొహం మాడిపోయింది. "అది కాదే... పెద్దాయన అడిగితే కాదనగలనా?"

"నేనూ అడిగాను."

"నెమ్మదిగా మాట్లాడు, జనం వింటున్నారు."

ఆ మాటతో ఆవిడ మనసు పూర్తిగా విరిగిపోయింది. నీడని తల మీదకి లాక్కుని రోడ్డు దాటింది. అవతల స్టాపులో బస్సు ఆగి ఉంది.

"ఎక్కడికే? ఏయ్, నిన్నే!" మేస్త్రి రోడ్డు మీదకి అడుగు వేశాడు.

"మేస్త్రీ!" వెనక నుంచి ఆఫీసరు గొంతు. "కారు మీద నీడ పక్కకి జరిగింది. చూసుకోవద్దూ?"

వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు మేస్త్రి. ఇప్పుడే వస్తానన్నట్టు భార్యకి చెయ్యి ఊపి, వంగి నీడ అంచు పట్టుకుని లాగాడు. బానెట్టు మీద ముడతలు పోయేలా అరచేత్తో సర్దాడు. తల ఎత్తేసరికి బస్సు వెళ్లిపోయింది.

ఆవిడ మళ్లీ ఆ మూడంతస్తులు ఎక్కలేదు.