గాలి పీల్చే బోరు

మాణిక్యం బోరు ఎండిపోయి రెండేళ్లయింది. ఆమె ఉండే కొత్తతూము క్యాంపు, కాలువను నమ్ముకుని వచ్చి స్థిరపడ్డ రైతుల ఊరు, కాలువకు చిట్టచివర ఉంటుంది. అక్కడికి కాలువ నీళ్లు కాగితాల మీద వస్తాయి గాని మడిలోకి రావు. అందుకని పద్నాలుగు మంది రైతులు పద్నాలుగు బోర్లు వేసుకున్నారు. ఒకరు మూడు వందల అడుగులకు పోతే, పక్కవాడు నాలుగు వందలకు పోయాడు. ఆ పక్కవాడు ఆరు వందలకు పోయాడు. మాణిక్యంది రెండు వందల ఎనభై. అందరికంటే ముందు చచ్చిపోయింది అదే. మోటారు పైకి తీయించి, పైపు మూతి మీద ఇనుప రేకు కప్పి, ఆమె వానకు పండే జొన్న వేసుకోవడం మొదలుపెట్టింది. భర్త సుధాకర్ యశ్వంతనగర్ దగ్గర ఖనిజం లారీ నడుపుతాడు. ఆదివారం తప్ప ఇంటికి రాడు.

మాఘమాసంలో ఒకరోజు, పొద్దున పదిగంటలప్పుడు, ఆమె జొన్న కోస్తుంటే ఎవరో మూలిగినట్టు వినిపించింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. రేకు పక్కకు జారి, బోరు పైపు నోరు తెరుచుకుని ఉంది. కుక్కపిల్ల ఏదైనా పడిందేమోనని దగ్గరికి వెళ్లి వంగింది. కొంగు సర్రున లోపలికి పోయింది. లాగితే వెంటనే రాలేదు. లోపల ఎవరో అంచు పట్టుకున్నట్టు బిగుసుకుంది. రెండు చేతులతో లాక్కుని, కొడవలి అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తింది.

మర్నాడు మళ్లీ వెళ్లింది. భయం తగ్గి కాదు, కొడవలి కావాలి గనక. అప్పుడూ అదే మూలుగు. మూడు రోజులు దూరంగా కూర్చుని గమనించింది. పదింటికి మోటార్ల కరెంటు రాగానే బోరు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. ఐదింటికి కరెంటు పోయిన కాసేపటికి వదులుతుంది. వదిలే ఊపిరి చల్లగా ఉండి, తడి రాయి వాసన వేసేది. మనిషి నిద్రలో వదిలే ఊపిరి అంత నిదానం.

నాలుగో రోజు సీతారామారావును పిలుచుకొచ్చింది. క్యాంపులో మొదటి బోరు వేసింది ఆయనే. డెబ్బై రెండేళ్లు. పైపు మూతి దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు.

"మాణిక్యం, తిరుమలేశుకు ఫోన్ చెయ్యి. అతని మోటారు ఆపమను."

తిరుమలేశ్ పక్క చేనువాడు. విసుక్కుంటూనే ఆపాడు. పైపులో మూలుగు ఒక మెట్టు దిగింది.

"ఇప్పుడు వెయ్యమను."

మూలుగు మళ్లీ లేచింది.

సీతారామారావు లేచి నిలబడ్డాడు. ఆ మధ్యాహ్నం ఒక్కొక్కరినీ రప్పించి, వాళ్ల మోటారు ఆపించి, వేయించి, వాళ్ల చేతే వినిపించాడు. తిరుమలేశ్ విన్నాక రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా, ఇది నా మోటారే. ఆడ నా చేన్లో నీళ్లు పోస్తా, ఈడ గాలి మింగుతాండాది."

పదేళ్లుగా సీతారామారావు ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు, అందరి బోర్ల కింద ఉన్నది ఒకటే నీరని. ఎవరూ కాదనలేదు. ఎవరూ ఆపనూ లేదు. నేను ఆపితే పక్కోడు తోడుకుంటాడు, అని అందరిదీ ఒకటే మాట. ఆ మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు. వేసవిలో వేసే ఎండకారు వరి మానేయాలని, రోజుకు రెండు మోటార్లే వంతుల వారీగా నడపాలని, మంగళవారం ఒక్క మోటారూ తిరగకూడదని పొద్దు వాలకముందే ఒప్పుకున్నారు.

మొదటి మంగళవారం మాణిక్యం పొద్దున్నే బోరు దగ్గర కూర్చుంది. తొమ్మిదింటికే అది పీల్చడం మొదలుపెట్టింది, దూరానికి వినపడనంత సన్నగా.

కబురు వినగానే తిరుమలేశ్ మండిపడ్డాడు. "ఎవడో మోసం చేస్తాండాడు. ఎవడో పట్టుకుందాం పదండి."

మాణిక్యం, సీతారామారావు, తిరుమలేశ్ చేను చేనూ తిరిగారు. మిగిలిన పదమూడు స్టార్టర్ పెట్టెలూ తెరిచి చూశారు. పైపుల మూతుల్లో చేతులు పెట్టారు. అన్నీ ఎండకు కాలి పొడిగా ఉన్నాయి. అసలు క్యాంపుకు ఇంకా కరెంటే రాలేదు. తిరిగొచ్చి చూస్తే బోరు పీలుస్తూనే ఉంది. ఎండు జొన్నాకు ఒకటి మూతి మీద నిటారుగా నిలబడి, వణికి, లోపలికి పోయింది.



"ఎవరో తాగుతాండారు," అన్నాడు తిరుమలేశ్. "మనిషో కాదో నాకు తెల్దు. మనం మాత్రం సుమ్నె, ఊరికే నోరు కట్టుకుని కూచోవాల్నా? కరెంటు రానీ, నేను స్విచ్ వేస్తాండా."

"ఒక్క దినం ఆగు తిరుమలేశప్పా," అంది మాణిక్యం. "ఎవరు తాగుతాండారో చూసొద్దాం."

"యాడికని పోతావు?"

ఆమె తూర్పుకు చూపించింది. ఎండిన గుట్టల మధ్య ఆకుపచ్చ చార ఒకటి ఉంది. ఈ కాలంలో పచ్చగా ఉందంటే నీళ్లున్నట్టే. అది నల్లచెలిమ. రెండు మైళ్లు ఉంటుంది గాని వేరే రాష్ట్రం. కరెంటు వేళలు వేరు, ఆఫీసులు వేరు, ఓట్లు వేరు. క్యాంపు వాళ్లకు ఆ ఊరితో రాకపోకలు లేవు.

తిరుమలేశ్ బైకు మీద ఇద్దరూ వెళ్లారు. ఊరి మొదట్లో నాలుగు ఇళ్లు తలుపులు లేకుండా, పైకప్పు దించేసి ఉన్నాయి. వాటి వెనక ఒక బోరు పైపు. దానికి పసుపు పూసి, చుట్టూ వేపమండలు పరిచి, నిమ్మకాయలు పెట్టారు. కొత్తవి పచ్చగా ఉన్నాయి. పాతవి నల్లగా ఎండిపోయి కుప్పపడి ఉన్నాయి. ఒక పెద్దామె మూడు రాళ్ల పొయ్యి మీద పొంగలి వండుతోంది.

"ఆడ నిలబడొద్దండి," అని అరిచింది. "అమ్మ ఊపిరి పీల్చే చోటు అది."

ఆమె పేరు ఉచ్చెంగమ్మ. అడిగితే అంతా చెప్పింది.

"మూడేండ్లాయె. దినమూ పదింటికి మొదలుపెడుతుంది. గోడల లోపలికీ వినపడే మూలుగు. మా మోటార్లన్నీ ఆపి చూసినాము, ఆగలేదు. నాలుగు కొంపలోళ్లు ఈడ ఉండలేక ఊరి అవతలికి పోయినారు. నేనే దినమూ వచ్చి నిమ్మకాయ పెట్టి మొక్కుతాండా. మొన్ననించి మూలుగు తగ్గిందమ్మా. ఈ దినం పదిదాటినా ఆ పెద్ద మూలుగే లేదు. మా మోటార్ల సన్నగాలి తప్ప ఏమీ లేదు. అమ్మ చల్లబడిందని పొంగలి పెడతాండా."

మాణిక్యం, తిరుమలేశ్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 

"అమ్మ కాదు పెద్దమ్మా. మేము," అంది. "మా క్యాంపు మోటార్లు. పదింటికి వేస్తాము, ఐదింటికి ఆగుతాయి. ఈ దినం అన్నీ ఆపినాము."

ఉచ్చెంగమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. పొంగలి అడుగంటుతున్న వాసన వచ్చింది.

"మూడేండ్లుగా," అంది చివరికి, "నేను మొక్కింది మీకా?"

తిరుమలేశ్ తలదించుకున్నాడు.  ఇంటికి వచ్చి స్విచ్ జోలికి పోలేదు.

నల్లచెలిమ వాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. చేలల్లో మిరప పంట నిలబడి ఉంది. ఒకాయన కొట్టడానికి వచ్చాడు కూడా. ఉచ్చెంగమ్మే పట్టుబట్టి ఐదుగురిని మాణిక్యం చేనికి తీసుకొచ్చింది. వాళ్లు తమ మోటార్లు తామే విన్నారు. వెళ్లేటప్పుడు ఎవరూ జగడమాడలేదు. రెండు ఊళ్లకూ మంగళవారం ఒకటే అయింది.

ఆ మొదటి ఉమ్మడి మంగళవారం నలభై ఒక్క మోటార్లు ఆగాయి. మాణిక్యం తన బోరు దగ్గర, ఉచ్చెంగమ్మ తన బోరు దగ్గర ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మాణిక్యం మూతి మీదుగా ఒక దూదిపోగు వేలాడదీసింది. చాలాసేపు కదల్లేదు. మిట్టమధ్యాహ్నం, గాలి లేని ఎండలో, పోగు కొస మెల్లగా లోపలికి వంగింది.

"పెద్దమ్మా, నీ కాడ ఎట్లుండాది?"

అవతల ఆమె వేపమండలు పక్కకు జరిపిన చప్పుడు.

"సన్నంగా, లోపలికే పోతాండాది మాణిక్యమ్మా."

ఆ ఏడు వానలు మామూలుగానే పడ్డాయి. అయినా తిరుమలేశ్ బోరులో నీరు నలభై అడుగులు పైకొచ్చింది. నల్లచెలిమలో వదిలేసిన రెండు బోర్లు మళ్లీ పోశాయి. సీతారామారావు వరి మడులు దున్నించి కంది వేశాడు. వంతు తప్పిన వాళ్లు ఒకరిద్దరు లేకపోలేదు గాని, తప్పిన రోజే పైపు దగ్గర తెలిసిపోయేది.

ఇంకా తోడుతున్నది ఎవరో చూడ్డానికి, పచ్చగా కనిపించిన దిక్కుకల్లా మాణిక్యం, ఉచ్చెంగమ్మ మంగళవారాల్లో వెళ్లడం మొదలుపెట్టారు. ఇప్పటికి ఆరు ఊళ్లు తిరిగారు. ఆరింటిలోనూ ఎండిన బోరు ఒకటి ఉంది. దాని పక్కకు సాయంత్రం పిల్లల్ని పోనివ్వని తల్లులున్నారు. నాలుగు ఊళ్లు మంగళవారానికి ఒప్పుకున్నాయి. రెండు ఇంకా ఒప్పుకోలేదు. ఆ రెండూ బతిమాలగా ఒక్కరోజుకు ఆపిన మంగళవారం కూడా దూదిపోగు లోపలికే వంగింది. ఏడో ఊరు ఏ దిక్కున ఉందో వాళ్లకింకా తెలియలేదు.