పన్నెండు బ్రాందీ చాక్లెట్లు

అమ్మ ఆదివారం కువైట్ వెళుతోంది. అక్కడ ఒక ఇంట్లో వంట చేసే మా రాజేశ్వరమ్మ పెద్దమ్మని చూసి పదకొండేళ్లయింది. పెద్దమ్మ ఫోన్‌లో పదేపదే ఒకటే చెప్పింది. ఆ దేశంలో మందు నిషేధం, సామానులో చుక్క దొరికినా ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు, ఎవరేమిచ్చినా చూసి తీసుకోండి అని.

మా ఇంట్లో లేబుళ్లు చదివే పని నాది. ఊళ్లో తొమ్మిదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, రెండేళ్ల కిందట అమెరికాలో ఈ ఆష్‌బర్న్ వచ్చిన నాకు ఈ ఉద్యోగం ఎలా దక్కిందో తెలియదు. శానిటైజర్ తీసేశాను. దగ్గు మందు తీసేశాను. సెంటు సీసా కూడా తీసేస్తుంటే, "నన్ను కూడా తీసేసి నువ్వెళ్లు" అంది అమ్మ.

గురువారం విజయశ్రీ ఆంటీ కువైట్‌లో ఉన్న తన తమ్ముడికి ఇమ్మని, రిబ్బన్ కట్టిన చాక్లెట్ల డబ్బా తెచ్చారు. ఆంటీ ఇక్కడి పిల్లలకి తెలుగు నేర్పే టీచరు. ఆవిడ వెళ్లాక లేబుల్ చదివాను. చాక్లెట్ల లోపల బ్రాందీ.

చెప్పాల్సింది ఒక్క వాక్యం. దాన్ని డైరీలో నాలుగు రకాలుగా రాశాను. బాత్రూమ్ అద్దానికి చెబితే శ్రద్ధగా విన్నది. ఆంటీకి ఫోన్ చేస్తే "హలో" అన్నారు. పెట్టేశాను. అమ్మకి చెబితే, వెళ్లి ఆంటీకి నువ్వే చెప్పు అంటుంది.

శనివారం మధ్యాహ్నం నా బుర్రకి తోచిన ఉపాయం, తినేయడం. పారేస్తే చెత్తబుట్టలో అమ్మ చూస్తుంది. మొదటిది దగ్గు మందులా ఉంది. ఐదోదానికి చెవులు వేడెక్కాయి. ఇక్కడ ఇరవై ఒకటి నిండితేగానీ తాగకూడదు, నాకు పదహారు. కువైట్ చట్టానికి భయపడి వర్జీనియా చట్టం తప్పింది బహుశా నేనొక్కదాన్నే. పన్నెండు ఖాళీల్లో పల్లీ చిక్కీ ముక్కలు పెట్టి రిబ్బన్ కట్టేశాను.

సాయంత్రం ఆంటీ మళ్లీ వచ్చారు. తమ్ముడి నంబరు రాసిన చీటీ డబ్బాలో పెడతానంటూ రిబ్బన్ విప్పారు. చిక్కీ చూశారు. తర్వాత అమ్మని చూశారు. అమ్మ ముఖం పాలిపోయింది.

"నేనే తిన్నాను ఆంటీ. అందులో బ్రాందీ ఉంది. అమ్మని పట్టుకుంటారని."

ఆంటీ ముందు నేను ఇంతసేపు మాట్లాడటం అదే మొదలు. బ్రాందీ మహిమేమో.

ఆంటీ డబ్బా తిరగేసి చదివారు. అడుగున ఒక కార్డు అంటుకుని ఉంది. ఆంటీ వాళ్లాయనకి ఆఫీసులో క్రిస్మస్‌కి ఇచ్చిన డబ్బా అది. ఆంటీ మూత తెరవకుండానే రిబ్బన్ మార్చి మాకిచ్చారు. ఒక్క చాక్లెట్ కూడా తినకుండానే ఆంటీ ముఖం ఎర్రబడింది.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా."

"ఫోన్ చేశాను ఆంటీ."

"ఆ మాట్లాడని మనిషివి నువ్వేనా?"

తమ్ముడికి ఆ చిక్కీయే ఇవ్వమని చెప్పి వెళ్లిపోయారు. ఇక ఏ పార్సిల్ వచ్చినా అందులో ఏముందో నేనే అడిగి తీసుకోవాలని అమ్మ తలుపు పక్కన కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది.

ఏడింటికి పక్కింటి రాధాకృష్ణ అంకుల్ కువైట్ తీసుకెళ్లమని పచ్చడి సీసా తెచ్చారు. అడగాల్సిన ప్రశ్న డైరీలో సిద్ధంగా ఉంది. మూత తీసి వాసన చూశాను.

"మామిడికాయేనమ్మా" అన్నారు అంకుల్.

తల ఊపి లోపలికి పంపించాను.