తఖియ్య తలగుడ్డ

మూడో వాయి రొట్టెలు పొయ్యి గోడకి అంటించేసరికి తఖియ్యకు ఆయాసం వచ్చింది. గుండె మీద చెయ్యి ఆనించుకుని పొయ్యి పక్కనే చతికిలబడింది. మండే మట్టిపొయ్యిలోకి చెయ్యి పెట్టి, లోపలి గోడకి రొట్టె చరిచి చరిచి, ఆమె కుడిచేతి మీద మోచేతి దాకా వెంట్రుకన్నది లేదు. చర్మం నున్నగా, ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. చెంప దగ్గర దోపుకున్న సబ్జా రెమ్మ ఆ వేడికి అప్పుడే వాడిపోయింది.

"నువ్వు పడుకో అవ్వా, మిగతావి నేను కాలుస్తాను" అంది మనవరాలు అర్వా.

"నువ్వు కాలిస్తే సగం బొగ్గు, సగం పిండి. తిట్లు తినేది నేను" అంది తఖియ్య. కానీ లేవలేదు.

అర్వాకు పద్నాలుగేళ్లు. తల్లి యుద్ధం మొదట్లోనే పోయింది. తండ్రి, అంటే తఖియ్య కొడుకు, సముద్రం ఒడ్డున రేవులో మూటలు మోస్తాడు. అక్కడ ఒక లారీ యజమానికి పిల్లనిస్తానని మాటిచ్చేశాడు. బడి లేని పిల్ల ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తుందని అతని వాదన. తఖియ్య ఫోనులో ఏడ్చి మొత్తుకుంటే, పండగలోపు బడి తెరిస్తే పెళ్లి ఆపుతానన్నాడు. పండగ దగ్గరికొచ్చింది. కొడుకు వచ్చి పిల్లని తీసుకుపోతానంటే అడ్డుపడే బలం తనకు లేదని ఆమెకు తెలుసు. ఆశంతా ఆ బడి మీదే పెట్టుకుంది.

బడిలో ముక్బిల్, అతని సాయుధులు మకాం పెట్టి కొన్నేళ్లయింది. మొదట్లో మా తాయిజ్ పట్టణాన్ని కాపాడటానికే వచ్చారు, ఆ మాట కాదనకూడదు. పోరు కొండ అవతలికి జరిగిపోయాక కూడా కదల్లేదు. బల్లలు ఒక్కొక్కటే వంటచెరకు అయ్యాయి. ఇష్రాఖ్ టీచరు పేటలోని ఆడవాళ్లని కూడగట్టి, గురువారం గురువారం గేటు ముందు నిలబడుతోంది. కాల్పులు జరిగిన వారం కూడా మానలేదు. ముక్బిల్ చెవిన పెడితేగా. ఆ గేటు లోపలికి రానిచ్చేది ఒక్క తఖియ్యనే. రొట్టెలు తెచ్చే మనిషిని ఏ సైన్యమూ ఆపదు.

ఆ గురువారం రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని వెళుతుంటే మలుపు దగ్గర ఇష్రాఖ్ కలిసింది. వెనక పేట ఆడవాళ్లు నడుస్తున్నారు.

"టీచరమ్మా, ఇవాళ నా తలగుడ్డ వేస్తాను" అంది తఖియ్య.

ఇష్రాఖ్ ఆగిపోయింది. మా కొండల్లో ఆడది తలగుడ్డ తీసి మగవాడి ముందు నేల మీద వేసిందంటే, ఆమె అడిగింది అతను చెయ్యాలి. చేస్తానని ఆ గుడ్డ తీసి తిరిగి ఆమె తలమీద కప్పాలి. కప్పనివాడికి సొంత మనుషుల్లోనే మొహం చెల్లదు. అలాగని కప్పించుకోలేని ఆడదానికి కూడా ఇంకేమీ మిగలదు.

"వద్దక్కా. బడి మన హక్కు. గుడ్డ పరిచి అడుక్కునేది కాదు. ఇవాళ నీ మీద జాలితో ఇస్తాడు. రేపు ఆ జాలి తీరిపోతే?"

"అడగందే అమ్మైనా పెట్టదు."

"రెండు చలికాలాలుగా అడుగుతూనే ఉన్నాంగా?"

"నువ్వు అడిగేది తప్పని ఎవరన్నారు? వాడికి తెలిసిన పద్ధతిలో నేనొకసారి అడుగుతాను. నీ మాట నువ్వు మానకు."

తఖియ్య అంతకుముందు ఒక్కసారే తలగుడ్డ వేసింది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఊట నీళ్ల కోసం తన మరిదీ పక్కింటివాళ్లూ తుపాకులు తీస్తే మధ్యలోకి పరిగెత్తింది. తుపాకులు దిగాయి. ఊరంతా మెచ్చుకుంది. పదిమంది మగవాళ్ల ముందు తలగుడ్డ తీసిందని మొగుడు మాత్రం ఆ కోతలయ్యేదాకా ఆమెతో మాట్లాడలేదు. ఆ సంగతి గుర్తొచ్చినా గంప సర్దుకుని గేటు వైపు నడిచింది.

ముక్బిల్ బడి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గంపలోంచి ఒక రొట్టె తీసి తుంచాడు.

"పెద్దమ్మా, ఇవాళ రొట్టె మాడింది."

"నా పొయ్యిలోకి నీలాగా బడి బల్లలు దొరకవు కదా నాయనా. మంట కుదరలేదు."

అతని మనుషుల్లో ఒకడు కిసుక్కున నవ్వి, ముక్బిల్ చూసేసరికి ఆపేశాడు.

తఖియ్య గంప దించింది. పచ్చటి తలగుడ్డ ముడి విప్పింది. ముడి బిగుసుకుపోయి త్వరగా రాలేదు. లోపల నల్ల గుడ్డ కట్టుకునే ఉంది, అయినా పైది తియ్యగానే ఆమెకు నడివీధిలో ఒంటరిగా నిలబడినట్టు అనిపించింది. గుడ్డను మెట్ల ముందు దుమ్ములో పరిచింది.

"ఈ బడి వదిలెయ్యి. మా పిల్ల చదువుకోవాలి."

సాయుధులు తలలు తిప్పుకున్నారు. ముక్బిల్ నోట్లో రొట్టె నమలడం మానేశాడు.

"ఇదేం పని పెద్దమ్మా? తీసుకో, ఎవరైనా చూస్తారు."

"చూడాలనే వేశాను."

అతను గడ్డం గోక్కున్నాడు. "సరే, ఒక గది ఖాళీ చేయిస్తాను. నీ మనవరాలు అక్కడ చదువుకుంటుంది. చాలా?"

తఖియ్యకు ప్రాణం లేచొచ్చింది. ఒక గది చాలు. బడి తెరిచారురా అని కొడుకుతో చెప్పడానికి అబద్ధం కూడా ఆడక్కర్లేదు. సరేనని నోటిదాకా వచ్చింది.

పక్కన ఏదో కదిలితే చూసింది. ఇష్రాఖ్ గేటు దాటి లోపలికి వచ్చేసింది. తన భుజాల మీది నల్ల శాలువా తీసి, పచ్చగుడ్డ పక్కన పరిచింది. ఆమె వెనకే ఇంకొకామె, ఆమె వెనకే ఇద్దరు. మెట్ల ముందు దుమ్ము కనిపించకుండా పోయింది. తఖియ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక గది కాదు నాయనా" అంది. "ఇన్ని తలలు ఒక్క గదిలో పట్టవు."

ముక్బిల్ ఆ గుడ్డల వంక, తలలు తిప్పుకున్న తన మనుషుల వంక చూశాడు. తర్వాత వంగి పచ్చగుడ్డ తీసి, దుమ్ము దులిపి, ఆమె తలమీద కప్పాడు.

"మధ్యాహ్నానికి వెళ్లిపోతాం."

"ఇంకోసారి చెప్పండి, గేటు బయటివాళ్లకి కూడా వినపడాలి" అంది ఇష్రాఖ్. "మళ్లీ రామని కూడా."

అతనికి కోపం వచ్చింది. కానీ చెప్పాడు. గట్టిగానే చెప్పాడు.

మధ్యాహ్నం నమాజు దాటాక జీపులు కదిలాయి. అవి మలుపు తిరగకముందే ఆడవాళ్లు చీపుళ్లతో లోపల ఉన్నారు. తఖియ్య ఇన్నాళ్లూ రొట్టెలు మెట్ల దాకానే తెచ్చింది. తరగతి గదిలో అడుగుపెట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. కిటికీ పక్కన మిగిలిన ఒకే ఒక్క బల్ల మీద కూర్చుంది. అర్వా ఖాళీ తూటా గుల్లలు ఊడుస్తోంది. నల్లబల్ల మీద ఎవరో పేకాట లెక్కలు రాసుకున్నారు.

"మీ నాన్నకి ఫోను కలుపు" అంది. కలిపాక, "బాబూ, బడి మాది అయిపోయింది. పిల్ల ఇక్కడే ఉంటుంది" అని చెప్పింది.

అటునుంచి రేవు చప్పుళ్ల మధ్య కొడుకు గొంతు వినిపించింది. "సరేలే అమ్మా. నీ ఆయాసం తగ్గిందా?"

"ఇవాళ తగ్గింది."

అర్వా నేల కడగడానికి నీళ్లు తేబోయింది. తిరిగొచ్చేసరికి అవ్వ గోడకి తల ఆనించి, పచ్చగుడ్డ కొంగు చేతిలో పట్టుకుని ఉంది. నిద్రపోతోందనుకుని, చప్పుడు కాకుండా బకెట్ దించి, ఆమె కూర్చున్న మూల తప్ప గదంతా కడిగింది. లేపుదామని చెయ్యి పట్టుకున్నప్పుడే, అవ్వ ఇక లేవదని తెలిసింది.

తఖియ్యను ఇంటికి మోసుకెళ్లాక, తాళం వెయ్యడానికి ఇష్రాఖ్ తిరిగి వచ్చింది. ఇన్నేళ్లూ సాయుధులు బూట్లతో తొక్కిన ఆ గదిలోకి తఖియ్య మసీదులోకి వెళ్లినట్టు వెళ్లిందని అప్పుడు గ్రహించింది. గడప బయట, గోడవారగా నీలం ప్లాస్టిక్ చెప్పుల జత. మడమల దగ్గర అరిగిపోయి, పట్టీల్లో పిండి ఎండిపోయి, ముక్కులు గది లోపలి వైపుకి ఉన్నాయి.