గంటకు రెండువేల లీటర్లు

అక్వేరియంలోంచి తోడిన నీళ్ళలో స్పాంజిని మూడోసారి పిండాడు. బకెట్‌లో నీళ్ళు బురదరంగుకి తిరిగాయి. నాలుగోసారి పిండలేదు. మరీ శుభ్రంగా కడిగేస్తే అందులో కాపురముండే కంటికి కనపడని జీవులు పోతాయి. చేపల మలినాన్ని తినేసి నీళ్ళు విషం కాకుండా కాపాడేవి అవే. షాపులో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పాడు. విన్నట్టే తలూపి, ఆయన అటు తిరగ్గానే స్పాంజిని కుళాయి కింద పెట్టేసేవాళ్ళు.

ఆయన్ని అందరూ పంపులాయన అంటారు. ఇరవయ్యేడేళ్ళ కిందట ఈ చేపల షాపు తెరిచిన పెద్దాయన పెట్టిన పేరది. "పంపులాయన్ని పంపితే పనైపోయినట్టే" అని తన మాటకి తనే నవ్వుకునేవాడు. పెద్దాయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ కుర్చీలో కొడుకు చినబాబు కూర్చుంటున్నాడు. అతనికి ఆ మాటలో నవ్వేమీ కనపడలేదు గానీ, పేరు మాత్రం ఉండిపోయింది.

యాభయ్యెనిమిదేళ్ళ మనిషి. బక్కపల్చని ఒళ్ళు. తొట్ల మీదికి వంగి వంగి మెడ కాస్త ముందుకి సాగింది. వేళ్ళ కొసలు ఎప్పుడూ నాని, తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఆ చేత్తో తాకితే కప్ప పాకినట్టుందని భార్య అనేది. పెళ్ళయిన కొత్తలో సిగ్గుపడుతూ అనేది, పోనుపోను విసుక్కుంటూ అనేది. చెవులు మాత్రం ఇంకా పదునుగానే ఉన్నాయి. పంపు గరగరమంటే లోపలి చక్రంలో ఇసుక చేరిందనీ, గుటకలేస్తుంటే తొట్టిలో నీళ్ళు తగ్గాయనీ వీధి గుమ్మంలోంచే చెప్పేవాడు. ఈ ప్రపంచంలో ఆయనకి బాగా తెలిసిన విషయం అదొక్కటే. అది తెలుసుకోవాలని అడిగినవాళ్ళు తక్కువ.

స్పాంజిని తడి ఆరకుండా డబ్బాలో పెట్టుకుని, చిన్న గాలి పంపు సంచిలో వేసుకుని టీచరమ్మ ఇంటికి బయల్దేరాడు.

టీచరమ్మ పోయిన వారం షాపుకొచ్చింది. బడిలో ఆఖరి రోజున కొనుక్కున్న చేపట, తొమ్మిదేళ్ళుగా ఉంది, ఫిల్టరు కాలిపోయిందని చెప్పింది. తొట్టి ఎన్ని లీటర్లని ఆయన అడిగాడు. వంద. పై అరలో ఉన్న చిన్న ఫిల్టరు అందుకోబోయాడు. గంటలో తొట్టి నీళ్ళు నాలుగైదుసార్లు ఫిల్టరులోంచి తిరిగితే ఆ చేపకి చాలు. ఈలోగా కుర్చీలోంచి చినబాబు అద్దాల బీరువాలో ఉన్న పెద్దదాన్ని చూపించాడు. గంటకు రెండువేల లీటర్లు, ఇక జన్మలో మళ్ళీ చూసుకోనక్కర్లేదు అన్నాడు. అంత ధారకి పెద్ద తోక చేప తట్టుకోలేదని పంపులాయన మెల్లిగా అన్నాడు. చినబాబు నవ్వి, మావాడు ఇంకా పాతకాలంలోనే ఉన్నాడమ్మా అన్నాడు. టీచరమ్మ కూర్చున్న మనిషినీ చూసింది, నిలబడ్డ మనిషినీ చూసింది. కూర్చున్న మనిషి మాటే నమ్మింది. ఆ చేప ఎలా ఉందోనని అప్పట్నించీ పంపులాయనకి మనసు పీకుతూనే ఉంది.

ఆమె ఇల్లు రెండో అంతస్తు. కిటికీ పక్కన బల్ల మీద తొట్టి. లోపల నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. చేప ఓ మూల రాయి వెనక నక్కి ఉంది. నారింజరంగు తోక అంచులు చిరిగి పీలికలయ్యాయి, పొట్ట లోపలికి పోయింది. ఆయన మేత గింజలు నాలుగు వేశాడు. అవి దాని నోటి ముందునుంచే కొట్టుకుపోయాయి. వాటికోసం బయటికొచ్చిన చేపని ధార ఎత్తి అవతలి అద్దానికి కొట్టింది.

"వారంగా తిండి ముట్టట్లేదు. అలిగిందేమో అనుకున్నా" అంది టీచరమ్మ.

ధార గోడకి తగిలేలా ఫిల్టరు మూతి తిప్పి చూశాడు. లాభం లేకపోయింది. తగ్గించడానికి మర కూడా లేదు. స్విచ్ ఆపి దాన్ని బయటికి తీశాడు. సంచిలోంచి స్పాంజి ఫిల్టరు తీసి తొట్టి అడుగున నిలబెట్టాడు. కరెంటు పోతే నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి దిగకుండా గాలి పంపుని నీటి మట్టానికి పైన, అలమరలో పెట్టాడు.

"చూడ్డానికి పాతదే గానీ, ఇందులో నాలుగేళ్ళ బతుకుందమ్మా. కొత్తదైతే అలవాటు పడ్డానికి వారాలు పడుతుంది" అన్నాడు.

ఆమె సరేనన్నట్టు తలూపి, మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది. బుడగలు సన్నగా పైకి లేస్తున్నాయి. కాసేపటికి చేప రాయి వెనకనుంచి వచ్చింది. తొట్టి మధ్యలో, తోక కదిలీ కదలకుండా ఆగింది. అడుగున పడ్డ గింజనొకదాన్ని నోట్లోకి తీసుకుని, ఉమ్మి, మళ్ళీ తీసుకుని మింగింది. ఆయన వంగి నిలబడి ఆ ఒక్క గింజా దిగేదాకా చూశాడు. చూసింది ఆయనొక్కడే. చినబాబుతో మాట్లాడి పెద్దదాని బదులు చిన్నది తెస్తానని చెప్పి, నీళ్ళు తాగి, పెద్ద ఫిల్టరు సంచిలో వేసుకుని మెట్లు దిగాడు.

షాపులోకి అడుగుపెట్టేసరికి చినబాబు ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా మాట్లాడిస్తున్నాడు. అందులో టీచరమ్మ గొంతు.

"మనిషి మంచివాడే, నేనేం అనను బాబూ. కానీ కొత్తది పట్టుకుపోయి మురికిపట్టిన స్పాంజి పెట్టిపోతే ఎలా?"

చినబాబు ఆమెకి సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాడు. కేకలేమీ వెయ్యలేదు. ఇప్పుడే వెళ్ళి పెద్దది మళ్ళీ బిగించి, పొరపాటైందని చెప్పి వస్తే ఇంతటితో మర్చిపోతానన్నాడు.

"ఆ చేప చచ్చిపోతుంది బాబూ."

"చస్తే ఇంకోటి కొంటుంది. మనది చేపల షాపే కదా."

చుట్టూ నలభై తొట్లు. ఏ తొట్టిలో ఏ పంపు ఎలా ఊపిరి తీస్తోందో పంపులాయనకి విడివిడిగా వినపడుతూనే ఉంది. వెళ్ళనన్నాడు. అయితే రేపట్నించి రానక్కర్లేదన్నాడు చినబాబు, రసీదు పుస్తకంలోంచి తలెత్తకుండా. ఆయన సంచి ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు. అలవాటుకొద్దీ మూడో వరస తొట్టిలో వంకరపోయిన గొట్టాన్ని సరిచేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ గుమ్మందాకా రాలేదు.

ఆ సాయంత్రమే సరుకు చేరవేసే మనిషి వెళ్ళి పెద్ద ఫిల్టరు బిగించి వచ్చాడు. స్పాంజిని వీధి చివర చెత్తకుండీలో పడేశాడు.

ఆరోరోజున టీచరమ్మ షాపుకొచ్చి, అలాంటి రంగుదే ఇంకో చేప కొనుక్కుంది. పాత స్పాంజి వల్లే ఏదో తెగులు సోకి ఉంటుందని చినబాబు అంటే, నేనూ అదే అనుకున్నానంది. వెళ్తూ వెళ్తూ ఆ పెద్దమనిషి కనపడ్డంలేదేమని అడిగింది. మానేశాడన్నారు.

ఆమె సంచిలో నీళ్ళు తొణక్కుండా జాగ్రత్తగా షాపు మెట్లు దిగింది. లోపల స్విచ్‌బోర్డు పక్కన, చెమ్మకి అంచులు లేచిపోయిన అట్టముక్క ఒకటి గోడకి అంటుకుని ఉంది. దానిమీద పంపులాయన వంకరటింకర అక్షరాలతో "ఆపకండి, లోపల ప్రాణాలున్నాయి" అని రాసి ఉంది.