తెల్లబడిన కండెన్సర్

ఎనిమిదేళ్లు పనిచేసిన కారు ఏసీ కండెన్సర్ నిరుడు ఉగాదికి పోయింది. దాని స్థానంలో వేయించిన కొత్తది ఏడాదైనా నిలవలేదు. నేత్రావతి ఎరిగినంతలో దీనికి రెండే కారణాలు ఉండగలవు: అమ్మినవాడు మోసగించి ఉండాలి, కాకుంటే బిగించినవాడు. మూడో కారణమంటూ ఒకటి ఉండవచ్చునని ఆమెకు తట్టలేదు.

ఆ కారు చల్లగా ఉండడం ఆమె సుఖానికి సంబంధించిన సంగతి కాదు. బేతమంగళం దారిలో ఆమెకు చాకీ కేంద్రం ఉంది. గుడ్డులోంచి వెలువడిన పట్టుపురుగులకు లేతాకు తరిగి వేసి, రెండో జ్వరం దాటేదాకా సాకి, ఆపైన రైతుల ఇళ్లకు చేరవేయడం ఆమె వృత్తి. పురుగు పాత పొర విడవడానికి మేత మాని కదలకుండా పడి ఉండే కాలాన్ని అక్కడివాళ్లు జ్వరం అంటారు. వెనక సీట్లు పీకించిన కారులో ట్రేలు పేర్చుకుని గౌనిపల్లి చేరడానికి రెండు గంటల పైచిలుకు పడుతుంది. ఎండాకాలంలో పంటను నిలబెట్టేవీ పడగొట్టేవీ ఆ రెండు గంటలే.

పోయిన నెల పడగొట్టాయి. చల్లగాలి దారిలో ఎప్పుడు సన్నగిల్లిందో ఆమె గమనించలేదు. గౌనిపల్లి చిన్నవెంకటమ్మ ఇంట ఆ పురుగులు మూడో జ్వరం నుంచి లేవనే లేదు. వేడే కారణమని రుజువు లేదు. కాదనడానికీ ధైర్యం చాలలేదు. తరువాత నింపించిన గ్యాసు పది రోజులకే కారిపోయింది.

"ఈ ఒక్కతూరి చూస్తాను నేత్రమ్మా," అన్నది చిన్నవెంకటమ్మ ఫోనులో. "మళ్లా ఇట్లే అయితే నేనే కాదు, మా వీధిలో ఎవురూ నీ తావ పురుగు తీసుకోరు."

ఆ వీధిలో తొమ్మిది ఇళ్లు. పురుగులు తీసుకువెళ్లవలసింది మరునాటి ఉదయమే. అందువల్ల ఆవేళ ఎనిమిదింటికల్లా నేత్రావతి కేజీఎఫ్ ఆండర్సన్‌పేటలోని మునిశంకర్ షెడ్డుకు కారు తోలుకొచ్చింది. మునిశంకర్ పడుచుతనంలో అక్కడి బంగారు గనిలోకి చల్లగాలి పంపే ప్లాంటులో పనిచేసినవాడు. గని మూతపడ్డాక ఆ విద్యనే కార్లకు మళ్లించుకున్నాడు.

"నీడలో కూచోమ్మా. విప్పేదానికి అర్ధగంట పడుతుంది."

"నీ చేతులు కనపడేచోటే నిలబడతానులేప్పా."

"నిలబడు. గనిలో మా నెత్తిన మేస్త్రీ నిలబడినట్లే ఉండాది," అని నవ్వి అతను బంపరు విప్పాడు.

ఆమె నిలబడడానికి కారణం ఉంది. నిరుడు ఇతను ఈ కండెన్సర్ బిగిస్తుండగా, అతను చూడకుండా దాని మూలన కోడలి గోళ్లరంగు ఒక చుక్క పెట్టింది. గ్యాసు నింపే నెపంతో కొత్తది తీసి పాతది పెట్టే ఘనులున్నారని ఎవరో చెప్పగా విన్నది. ఇప్పుడు వంగి చూసింది. ఎర్రచుక్క ఉన్నచోటే ఉంది. బిగించినవాడి మీది అనుమానంలో సగం దానితో పోయింది. పోయిన సగం అమ్మినవాడి మీదికి చేరింది.

"కొత్తది నేనే తెస్తాను," అన్నది.

"తెచ్చుకో. పైపు మూతులు రెండూ సరిపోతాయో లేదో చూసుకో."

పాత కండెన్సర్‌ను గోతాంలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కోలారు వెళ్లింది. విడిభాగాల అంగడి పురుషోత్తమ్‌ది. తాత బట్టలు కొలిచిన చోటే మనవడు కార్ల సామాన్లు అమ్ముతున్నాడు. అతను రెండు కండెన్సర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి తళతళలాడే వెండిరంగుది, ఇంకొకటి నల్లది.

"ఇది కంపెనీదేనా?"

"కంపెనీదే అక్కా. డబ్బా చూడు."

"డబ్బా కంపెనీదే. లోపలిది?"

"పెండ్లి చూపులకు పోయినా ఇట్లే అడుగుతావా ఏంది?"

ఆమె నవ్వలేదు. "ఈ నల్లదానికి రేటు జాస్తి ఎందుకు?"

"పూత అక్కా. తుప్పు పట్టకుండా."

"అల్యూమినియానికి తుప్పు యాడిదప్పా? నేను బీఎస్సీ చదివినాను. నలుపు పూస్తే పాతదీ కొత్తదైపోతుంది, అంతేగదా?"

పురుషోత్తమ్ వాదించలేదు. గోతాంలోని పాతదాన్ని తిప్పి చూసి, గొంతు తగ్గించాడు. "దీనికేదో యాసిడ్ తగిలినట్లుంది అక్కా. చూడు, రేకులంతా ఎట్ల తెల్లబడినాయో. నేను ఎవుర్నీ ఏమీ అనను. మెకానిక్కులకూ పని కావల్ల గదా, అంతే."

ఆ మాట కోలారు నుంచి కేజీఎఫ్ దాకా బస్సులో ఆమె పక్కనే కూర్చుని వచ్చింది. ఒళ్లో వెండిరంగుది, కాళ్ల దగ్గర పాతది. షెడ్డులో అడుగుపెడుతూనే అడిగింది. "ఏమప్పా, దీని మీద ఏం పోసినావు?"

మునిశంకర్ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

"నేనా?"

"యాసిడ్ తగిలిందంటున్నారు."

"ఎవురన్నారో వాళ్లు తప్పు చెప్పలేదు. ఏదో తగిలింది. పోసింది ఎవురనేది వేరే మాట." అతను పాత కండెన్సర్ పైపు ఒకటి మూసి, రెండోదానికి గాలి గొట్టం తగిలించి, నీళ్ల తొట్టిలో ముంచాడు. "రామ్మా, నీ కండ్లతోనే చూడు."

బుడగలు ఒక్కచోట నుంచి కాదు, చాలాచోట్ల నుంచి వచ్చాయి. కానీ అన్నీ ఎడమవైపు, కింది సగంలోనే. పైసగం చెక్కుచెదరలేదు.

"నేను దొంగతనంగా చెడగొట్టాలంటే ఒక సూది చాలు. ఇన్ని బొక్కలు ఎందుకు పెడతాను? ఇది ఒకేపక్క నిలబడి, దినామూ ఎవురో చిమ్మిన పని." గోటితో ఆ తెల్లపొడి గీకి, తడిచేసి, ఆమె ముందు చెయ్యి చాపాడు. "వాసన చూడు."

చూడనక్కరలేకపోయింది. ఆమె ప్రతి ఉదయమూ పీల్చే వాసన అది. బ్లీచింగు పౌడరూ సున్నమూ కలిపిన నీళ్లు.

కారణాలు వాటంతటవే వరుసకట్టాయి. పక్క ఊళ్లో పట్టుపురుగులు తెల్లగా బిగిసి చచ్చే సున్నపుకట్టు రోగం వచ్చింది రెండేళ్ల కిందట. ఊరూరూ తిరిగే తన కారు ఆ రోగాన్ని మోసుకురాకూడదని, గేటులోకి వచ్చిన ప్రతిసారీ దాన్ని ఆ నీళ్లతో తడపాలని పనిమనిషికి ఆజ్ఞ వేసింది తాను. మందు డ్రమ్ము గేటుకు ఎడమపక్క ఉంది. చక్రాలకు కొట్టే నీళ్లు కారు మూతి మీద, దాని వెనకే ఉండే కండెన్సర్ మీద కూడా పడేవి. అవి రేకుల సందుల్లో ఎండి, మరునాడు మళ్లీ తడిసేవి. ఎనిమిదేళ్లు నిలిచిన మొదటి కండెన్సర్, ఆ నీళ్లు కొట్టడం మొదలైన ఏడాదికి పోయింది. రెండోది అంతకంటె ముందే. పురుగుల్ని కాపాడడానికి తాను పెట్టిన శుచే పురుగుల చల్లదనాన్ని తినేసింది.

"ఆ నల్లది..." అని ఆగింది.

"పూత ఉండేదా? అదే తేవల్సింది, ఇది వద్దు. పూత ఉండాది గదా అని మళ్లా కొట్టిస్తే అదీ పోతాది, కాకుంటే నిదానంగా. ఇంగ ఈ కారు మూతి మీద ఆ నీళ్లు పడకూడదమ్మా."

అనుమానానికి పరిహారంగా మళ్లీ బస్సెక్కి కోలారు పోవలసివచ్చింది.

"నల్లది పాత సరుకేమో అక్కా, బాగా చూసుకో," అన్నాడు పురుషోత్తమ్, తీసి ఇస్తూ. ఆమె చూసుకోలేదు. పైపు మూతులు రెండూ మాత్రం సరిచూసుకుంది.

పొద్దుగుంకేలోగా మునిశంకర్ దాన్ని బిగించి, పైపుల్లోని గాలి లాగేసి, గ్యాసు నింపాడు.

మరునాడు గౌనిపల్లి చేరేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. కారులో మాత్రం ఆమె శాలువా కప్పుకుని ఉంది. పురుగులు పెంచే ఇంటి ముందు చిన్నవెంకటమ్మ వీపుకు మందు డబ్బా తగిలించుకుని, గొట్టం చేతబట్టి నిలుచుంది.

"ఆడనే నిలపమ్మా. కొట్టినాకే లోపలికి."

"కారుకు వద్దత్తా," అంటూ నేత్రావతి దిగింది.

చిన్నవెంకటమ్మ కళ్లు చిన్నవయ్యాయి. "వద్దా? కారుకు కొట్టల్ల, కాళ్లకు కొట్టల్లని ఊరందరికీ పాఠం చెప్పింది నువ్వే గదా. ఈ పొద్దు ఎందుకు వద్దు? యాడ తిరిగి ఏం తెచ్చినావు?"

ఇంజను బాగాలేదనీ, రంగు పోతుందనీ ఏదో ఒకటి చెప్పవచ్చు. పొరుగింటి గడపల్లోకి ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. వాళ్లందరూ వినేలాగే చెప్పింది.

"ఆ నీళ్లకే నా కారు ఏసీ చెడిపోయింది అత్తా. కొట్టించింది నేనే. పోయిన తూరి పురుగులు దారిలో వేడెక్కినాయి. నీ పంట పోయింది దానివల్లే అయ్యుండచ్చు. నాకు నిన్నటిదాకా తెలీదు."

"అయ్యుండచ్చా? అయ్యిందా?"

"ఖాయంగా చెప్పలేను. కాదని మాత్రం అనలేను."

చిన్నవెంకటమ్మ గొట్టం కిందికి దించింది. "నెల దినాలు నా చేతినే తిట్టుకున్నాను నేను," అన్నది. "ఆకు తడిగా వేసినానేమో, గాలి ఆడలేదేమో అని."

నేత్రావతి కారును అక్కడే రోడ్డు మీద వదిలి, చెప్పులు విడిచి, చేతులు చాచి ముందుకు వచ్చింది. "నాకు కొట్టు. ట్రేలు నేనే మోసుకొస్తాను. కారు నీ గేటు దాటదు."

గొట్టంలోంచి నీళ్లు ఆమె పాదాల మీద, చేతుల మీద చల్లగా పడ్డాయి. వేళ్ల సందులు కూడా విడవకుండా కొట్టింది ఆ ముసలామె. నేత్రావతి చేతులు ఆరేదాకా ఆగి, కారు తలుపు తెరిచి, మొదటి ట్రే తెచ్చి ముందుంచింది. చిన్నవెంకటమ్మ పైన కప్పిన కాగితం ఎత్తి చూసింది. ట్రే అడుగున అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచింది. ఇంకో చేత్తో ఒక పురుగును తాకింది. అది తల ఎత్తింది.

ఆమె బాగుందని అనలేదు. నేత్రావతి భుజం మీదుగా కారు వైపు చూసి విసుక్కుంది.

"తలుపు అట్ల బార్లా తెరిచి వచ్చినావేమమ్మా! ఇంగ ఎనిమిది ఇండ్లోళ్లవి లోపలుండాయి. పోయి మూయి, చల్లదనమంతా పోతాండాది."