దాలినాయుని స్తుతిపత్రము

వర్షర్తువునందు తీరద్వయము నొరసికొని పొరలి పాఱిన యేఱు మార్గశీర్షమాసారంభమునకు సన్నగిల్లి సైకతస్థలముల నడుమ నొకమూలగా నొదిగి ప్రవహించుచుండగా కోతకు వచ్చిన వరిచేల పరిమళమును రేవునందు నానవేయబడిన గోగుకట్టల దుర్గంధమును కలిపి మోసికొనివచ్చు శీతలవాయువు సాయంసమయమున సారిపేట వీథులయందు సంచరించుచుండెను. ఏటికి దక్షిణపుగట్టున నభ్రంకషమైన పొగగొట్టముతో గోనెసంచుల మిల్లు నిలిచియుండెను. ఉత్తరపుగట్టున తాటితోపు ప్రక్క సమతలమైన బీడొకటి కలదు. మిల్లు సారిపేటకు కూడు పెట్టుచుండెను. ఆ కూడు తిని బ్రదుకుట యెందులకని యడిగినవారికి సారిపేట బీడువైపు వ్రేలు చూపుచుండెను. ఏలయన నచట మిల్లు కార్మికుల జట్టు పాదకందుకక్రీడ నాడుచుండెను. పాదకందుకమనగా వేఱేమియు గాదు, లోకులు ఫుట్‌బాలందురు.

ఆ జట్టునకు మేనేజరు రొంగలి దాలినాయుడు. అతడు మిల్లు బాయిలరుశాఖయందు మేస్త్రీ. అక్షరజ్ఞానము లేనివాడు, అల్పభాషి, షష్టివర్షప్రాయుడు. ఇరువదిరెండేండ్లుగా నెవ్వరును నియమింపకయే యా పదవి నతడు నిర్వహించుచుండెను; ఎవ్వరును తొలగింపవలెనని తలచియుండలేదు. శనివారమునాడు చినిగిన బంతిని తానే తోలుదారముతో కుట్టుకొనుచు మఱునాటి యాటకెవనిని నిలుపవలయునో యెవనిని కూర్చుండబెట్టవలయునో తనలో తాను గొణుగుకొనుచుండువాడు. అట్టి దాలినాయుని జట్టు ఆ యేడు జిల్లాకప్పు సెమీఫైనలు వరకును పోయి రేవుపట్టణపు జట్టుచేత నాలుగు గోలులు తిని తానొక్కటియు కొట్టలేక పరాభూతమై తిరిగివచ్చెను.

ఓటమికంటె నోటమినిగూర్చిన వ్రాత యెక్కువ బాధించును. “తూర్పుతీరము” అను వారపత్రికకు సారిపేట విలేఖరి మండపాక కామేశము. అతడు ప్రతియాటకును తొలుత వచ్చి తుద పోవువాడు. జట్టు గెలిచిననాడు తానే గెలిచినట్లు వీథిలో నడచువాడు. కనుకనే కాబోలు, ఆ వారము కలమునకు కళ్లెము వేయలేకపోయెను. “దాలినాయుడు తుప్పుపట్టిన యంత్రము. ఆతని బుద్ధి యుద్ధకాలముననే యాగిపోయినది. మేనల్లుని గోలునందు నిలిపి జట్టును గంగలో కలిపిన యీ వృద్ధునకు సగౌరవముగా విశ్రాంతి యొసగుట క్రీడాభిమానుల విధి” యని వ్రాసెను. సగౌరవముగా నను మాట యందులేకున్న బాగుండెడిది.

శుక్రవారమున మిల్లుగేటు ముందఱి తాతబ్బాయి టీహోటలునందు పత్రికాపఠనము జరుగుట ఆచారము. చదువువాడు నేతఖాతా యను శాఖలోని యడ్ల గురువులు అనువాడు. అతని కంఠము పెద్దది. దాలినాయునియెడ నతని భక్తి యంతకంటె పెద్దది. ఆనాడు గురువులు విశ్రాంతియను మాట వఱకు చదివి పత్రికను బల్లపై విసరికొట్టెను.

“ఓడిపోనామని రాయమను, పడతాం. తుప్పు పట్టినాడని రాయడమేటి? నాయుడుబాబు యీ కామేశంపంతులు సొమ్మేటి తినీసినాడు?” అని యతడు గర్జించెను.

పలువురు వంతపాడిరి. కామేశమును రేవులో ముంచవలయునని యొకడనెను, మక్కెలు విఱుగగొట్టవలయునని మఱియొకడనెను. అంతట వడుకుఖాతాలోని గేదెల సన్యాసి, తొందరపాటు నెఱుగనివాడు, టీగ్లాసు క్రింద పెట్టి యిట్లనెను.

“కోపం తెచ్చుకోకు గురువులన్నా. రాసిందాంట్లో అబద్ధమేటున్నాది? గోల్లో మేనల్లుణ్ణి దింపినాడా నేదా? ఆడు నాలుగూ ఒగ్గీసినాడా నేదా? నాయుడుబాబంటే నాకూ పేనమే. అలాగని కళ్లు మూసీసుకుంతావేటి?”

“గోలు కాసే అసలు గోలీకి జొరం గదరా! మరెవుణ్ణి దింపుతాడు?” అని గురువులు అడ్డుపడెను.

“అదీ రాయాల గదా మరి. పంతులది రాయనేదు. ఆయన తప్పు అక్కడున్నాది. ఓటమి రాయడం తప్పు గాదు, సగమే రాయడం తప్పు.”

ఇట్లు వాదము చెలరేగి రెండు పక్షములయ్యెను. విలేఖరికి విమర్శించు నధికారము కలదని కొందఱు, తమవానిని తాము తిట్టుకొనవచ్చును గాని కాగితముపై పరులకు చూపుట ద్రోహమని మఱికొందఱు మూడు దినములు టీ చల్లాఱునట్లు వాదించుకొనిరి. ఇంతలో దాలినాయుడు హోటలునకు వచ్చుట మానెను. ఆదివారమున బీడునకును రాలేదు. బాయిలరుశాఖనుండి క్వార్టరునకు తలవంచుకొని పోవుట మాత్రము కనబడుచుండెను. అది చూచిన పిమ్మట వాదమునందెవ్వరికిని రుచి లేకపోయెను.

సన్యాసియే యుపాయము చెప్పెను. “కొట్టడాలూ ముంచడాలూ వద్దు. పంతులు రాసినాడు గదా, మనవూ రాద్దాం. అదే పేపర్లో పడాల. నాయుడుబాబు వినాల.”

మాట బంగారమని యందఱు మెచ్చిరి. గురువులు కాగితము తెచ్చెను. ఆ సాయంకాలము తాతబ్బాయి హోటలునందు జరిగిన రచన యే యాస్థానమునందును జరిగియుండదు. ఒక్కొక్కరు లేచి దాలినాయుని గుణమొక్కటి చెప్పుచుండిరి; గురువులు చెమటకార్చుచు వ్రాయుచుండెను. కాలు విఱిగిన యాటగానిని భుజముపై వేసికొని నాలుగుమైళ్లు నడచి యాసుపత్రికి చేర్చుట వ్రాయబడెను. ఓడినవానిని తిట్టకపోవుటయు గెలిచినవానిని నెత్తికెక్కించుకొనకపోవుటయు వ్రాయబడెను. తుట్టతుదకు సన్యాసి నవ్వుచు, “అన్నీ రాసి అసలైంది ఒగ్గీసినావు గురువులన్నా. కూత మాటేటి?” అనెను.

హోటలంతయు నొక్కసారి “రాయి, రాయి” అని ఘోషించెను.

ఆ కూత సంగతి పాఠకులకు చెప్పవలసియున్నది. మిల్లునకు ఆదివారమును సెలవులేదు; షిఫ్టు మాఱునప్పుడు మిల్లుకూత వేయుట దాలినాయుని పని. సాయంకాలపుకూత నాలుగు గంటలకు. ఆట మాత్రము పొరుగూరినుండి వచ్చు రెఫరీ గడియారము ప్రకారము నాలుగుంబావుకు. మిల్లునుండి యేఱుదాటి బీడు చేరుటకు పాతికనిమిషములు పట్టును. ఎంత పరుగెత్తినను ఆట తొలిభాగము తప్పిపోవును. అందుచేత ఆటయున్న దినమున దాలినాయుడు పదినిమిషములు ముందుగా కూతవేయుచుండెను. పనిదిగువారు పరుగున పోయి బంతి కదలకముందే గట్టెక్కి కూరుచుండెడివారు. పనికెక్కువారు పదినిమిషములు ముందు చేరవలసివచ్చినను గొణుగరు. వారము మాఱినచో షిఫ్టు మాఱును, భాగ్యము తమదగును. సారిపేటలోని గడియారములన్నియు, బంగళాలోని దొరవారి గడియారముతోకూడ, ఆ కూతను బట్టియే త్రిప్పబడుచుండుటచే దొరలలో నెవ్వరికిని ఏ సందేహమును కలుగలేదు. పదునొకండేండ్లుగా ఊరంతయు నెఱిగిన రహస్యమది. ఊరంతయు నెఱిగినది లోకమంతయు నెఱుగుననియు, తమకు పుణ్యమైనది లోకమునకును పుణ్యమేయనియు ఆ నిష్కపటులు తలచిరి. గురువులు తన చేతనైనంత గుండ్రని యక్షరములతో “మా కోసము ఆట దినమున పది నిమిషములు ముందుగా కూతవేయు మహానుభావుడు” అని వ్రాసి ముగించెను. నూటనలుబదిమంది క్రింద చేవ్రాళ్లును వ్రేలిముద్రలును వేసిరి.

మఱునాటి యుదయమున గురువులు సన్యాసి మొదలగు నలుగురు కామేశము నింటికి పోయిరి. కామేశము ఉత్తరమును మొదటినుండి చదివెను. తనను తిట్టినచోట్ల పెదవి విఱువలేదు. గోలీ జ్వరముమాట చదివి, “ఇది నాకు తెలియదు. తెలిస్తే రాసేవాణ్ణి” అని నిజముగా నొచ్చుకొనెను. తుదివాక్యము కడ నాగి తలయెత్తెను.

“అంతా వేస్తాను. ఈ ఒక్క కూత మాట కొట్టేయండి.”

“ఎందుకు కొట్టీయాల?” అని గురువులు కస్సుమనెను.

“నాలుగేళ్లబట్టి నాకు తెలుసు గురువులూ. ఎన్నడైనా రాశానా? ఇది అచ్చయితే దాలినాయుడికి...”

“మంచి పేరొచ్చీస్తాది. అదే గదా తవరి బాధ! తిట్టడానికి కలం పరిగెడతాది, మెచ్చడానికి సిరా ఇంకిపోతాది. ఒక్కచ్చరం మారినా మావొప్పుకోం బాబూ. మారిస్తే పంతులు నాయుడుబాబు మీద కచ్చ గట్టినాడని ఊరంతా అంటాది.”

కామేశము ముఖము కందెను. అతడు పక్షపాతియను పేరొక్కటి తప్ప లోకమున దేనినైనను సహింపగలవాడు. ఇంకొక్క వాక్యము పలికియున్నచో సర్వమును చక్కబడియుండును. ఆ వాక్యము నాలుకపైకి వచ్చెను. అభిమానము దానిని మ్రింగివేసెను. “సరే. అక్షరం మారదు. వెళ్లండి” అని యతడు ఉత్తరమును మడచి కవరులో పెట్టెను. వచ్చినవారు జయించినవారివలె వెడలిపోయిరి.

శుక్రవారము వచ్చెను. దాలినాయుని బ్రతిమాలి చేయిపట్టుకొని తెచ్చి హోటలు నడిమిబల్లపై కూరుచుండబెట్టిరి. లోపల చోటుచాలనివారు కిటికీలకు వ్రేలాడిరి. గురువులు గొంతు సవరించుకొని చదువనారంభించెను. కాలువిఱిగినవాని కథవద్ద దాలినాయుని కన్నులు చెమ్మగిల్లెను. బంతికుట్టు మాటవద్ద అతడు సిగ్గుపడి నవ్వెను. కూత మాట రాగా పెదవికడకు పోవుచున్న గ్లాసు నడుమనే నిలిచిపోయెను. దానిని అతడు మెల్లగా బల్లపై దింపెను. ఉత్తరము ముగిసి చప్పట్లు మ్రోగునంతవఱకును ఆ గ్లాసునే చూచుచుండి పిమ్మట లేచి గురువుల వీపు నిమిరెను.

“బాగా రాసినావురా గురువులూ” అని మాత్రమే యనెను.

ఆ మాటలోని బరువును గ్రహించినవాడొక్కడును లేకపోయెను. అందఱును ఆనందబాష్పములే యనుకొనిరి.

పత్రికకు కాళ్లుండును. ఆ ముక్క యింగ్లీషులోనికి తర్జుమాయై కలకత్తాలోని కంపెనీవారి బల్లమీదికి పోయి పదవదినమున విచారణాధికారి రూపమున తిరిగివచ్చెను. మిల్లుదొర దయాళువు. ఈ వ్రాత పామరుల యతిశయోక్తియని దాలినాయు డొక్కమాట యన్నచో కాగితములు మూసివేయుదునని సూచనగా చెప్పి చూచెను. దాలినాయుడు చేతులు కట్టుకొని నిలుచుండి, “మావోళ్లు అబద్ధం రాయరు బాబూ” అని విచారణపత్రముపై వ్రేలిముద్ర వేసెను. తాను కాదన్నచో నూటనలుబదిమంది పత్రికలో బొంకినవారగుదురనియు ఆ పేరులన్నియు దొరల చేతిలోనే యున్నవనియు ఆ నిరక్షరుడు క్షణములో లెక్కించుకొనియుండెను. కంపెనీ కాలము దొంగిలించెనను నేరముపై కొలువుపోయెను. కొలువుతో క్వార్టరు, క్వార్టరుతో బీడు, బీడుతో జట్టు పోయెను.

వార్త వినినతోడనే గురువులు కామేశము నింటికి పరుగెత్తి గడపపై కూలబడెను. “అబద్ధమని రాయండి బాబూ. మేవే తాగి రాసీసినావని రాయండి. మమ్మల్ని ఏమన్నా రాయండి” అని తలబాదుకొనెను.

“రాయగలను గురువులూ. కానీ నాయుడే నిజమని వేలిముద్ర వేశాడు. ఇప్పుడు నేను రాస్తే ఆయన్ని అబద్ధాలకోరును చేసినవాణ్ణవుతాను” అని కామేశము వాని సరసనే గడపపై కూరుచుండెను. “నేనారోజు నోరు విప్పి చెప్పాల్సింది. రోషం అడ్డొచ్చింది.” పదునైదు దినముల క్రింద శత్రువులైన ఆ యిద్దఱును మిట్టమధ్యాహ్నపుటెండలో నొకే గడపపై తలలు వాల్చుకొని యుండగా వీథిని పోవువారు చూచి తప్పుకొనిపోయిరి.

దాలినాయుడు భార్యాసమేతుడై మేనల్లుని తల్లియగు తన చెల్లెలి యూరికి పయనమైన యుదయమున మంచు విడలేదు. స్టేషనునందు చోటులేదు. షిఫ్టు దిగినవారు దిగినట్లే వచ్చిరి. నారపీచు తలలపైననే యుండెను. సన్యాసి పెట్టె మోసి తెచ్చి రైలుబండిలో పెట్టి యవతలకు పోయి నిలిచెను. కామేశము ప్లాట్‌ఫారము చివర దూరముగా నుండెను. గురువులు మాత్రము కిటికీచువ్వ పట్టుకొని వలవల యేడ్చుచుండెను. దాలినాయుని చొక్కాజేబులో మడచిపెట్టిన పత్రికాఖండము వానికి కనబడెను.

“బాబూ, ఆ కాయితం ఇలాగిచ్చీండి. సింపీస్తాను. మీ కొంప కూల్చిన కాయితమది.”

దాలినాయుడు జేబుపై చేయివేసికొనెను.

“ఇయ్యనురా. ఇరవైరెండేళ్లు నానేటి సేసినానో నాకే తెలీదు. నువ్వు సదివితే తెలిసింది. ఆ ఊళ్లో ఎవుడో ఒకడు సదువుకున్నోడుంటాడు. అప్పుడప్పుడూ సదివించుకుంటాను.”

పగవాని నిందకు హద్దు కలదు. చంపదలచినవాడు సైత మెచట కొట్టవలయునో చూచుకొనును. ప్రేమించువాని స్తుతికి హద్దులేదు. అది కన్నులు మూసికొని కౌగిలించును, కౌగిటిలోని యెముకలు విఱుగుట దానికి వినబడదు.

బండి కదలెను. ఆ జట్టువారు పొరుగూరికి ఆటకు పోవునపుడెల్ల దాలినాయునకు జయధ్వానములు చేసి సాగనంపుట సారిపేటవారి వాడుక. ఆనాడును చేతులు వాటియంతట నవియే పైకి లేచెను. అయినను ఒక్క నోరును తెఱవబడలేదు. అతనిని గూర్చి ఒక్క మంచిమాట పలుకుటకు నూటనలుబదిమందిలో నెవ్వనికిని ధైర్యము చాలకపోయెను.